అతడు కొట్టేసి ఆమె అని దిద్దారు

మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో పట్టాలు ముందుగానే అచ్చు వేయించి ఉంచేవారు. పేరు రాసుకోవడానికి ఖాళీ వదిలారు గానీ, ఆ పట్టా పుచ్చుకునేది ఆడపిల్ల కూడా కావచ్చన్న ఊహ అచ్చు వేయించినవాళ్లకి కలలో కూడా వచ్చినట్టు లేదు. అందుకే 1940ల మొదట్లో ఒకమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పాసై వచ్చి నిలబడేసరికి, ఇంగ్లీషులో అతడు అని ఉన్న చోట గీత కొట్టి, ఆమె అని దిద్ది ఇవ్వాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి మన తెలుగమ్మాయే. అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో తొలి మహిళా ఇంజినీరని చెప్పుకునేది ఈవిడ గురించే. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్న ఆడపిల్లలకి ఈ పేరు కొద్దో గొప్పో తెలుసు. మన వయసు వాళ్లని అడిగితే మాత్రం ఏ లలిత అని ఎదురు అడుగుతారు. నేనూ చాలాకాలం ఆ జాబితాలోదాన్నే.

1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు అదే గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరు. ఏడుగురు పిల్లల్లో ఈవిడ ఐదోది. మగపిల్లలు ఇంజినీర్లయ్యారు. ఆడపిల్లలకి చదవడం, రాయడం వస్తే చాలు, మంచి సంబంధం చూసి పంపేయడమే. ప్రొఫెసరు గారిల్లయినా అదే లెక్క. లలితకి 1934లో, పదిహేనో ఏట పెళ్లయింది. పెళ్లయ్యాక కూడా పిల్ల ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తి చేయాలని తండ్రి పట్టుబట్టారు. అంతవరకూ మెచ్చుకోవాలి.

1937లో ఆడపిల్ల పుట్టింది. ఆ పాపకి నాలుగో నెల వచ్చేసరికి భర్త పోయాడు. లలితకి అప్పటికి పద్దెనిమిదేళ్లు.

ఆ రోజుల్లో దానర్థం ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పినా ఒంటపట్టదు. నా చిన్నప్పుడు కోటబొమ్మాళిలో మా వీధిలో ఓ మామ్మగారుండేవారు. పదేళ్లకి పెళ్లి, పన్నెండేళ్లకి ఆ పెళ్లి అయిపోయింది. నేను చూసేసరికి ముడతలు పడ్డ మొహం, తెల్లపంచె, నెత్తిమీద ముసుగు. పెళ్లిళ్లకి ఆవిడ చేతి అరిసెలు కావాలి, పెళ్లిపందిట్లోకి ఆవిడ రాకూడదు. ఎవరైనా ప్రయాణమై గుమ్మం దిగుతుంటే ఆవిడే గబగబా లోపలికి తప్పుకునేవారు. ఎవరూ చెప్పక్కర్లేదు, అలా తప్పుకోవడం ఒంటికి అలవాటైపోయింది. వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. లలిత భర్తని పోగొట్టుకునేసరికి దానికి యాభై ఆరేళ్లు. అయినా అంత పెద్ద మద్రాసు పట్నంలో, చదువుకున్నవాళ్ల ఇళ్లలో కూడా ఆ పద్ధతులు పూర్తిగా పోలేదు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న అత్తగారు ఆ కోపమంతా కోడలి మీద చూపించారు. లలిత పుట్టింటికి వచ్చేశారు.

మళ్లీ పెళ్లి వద్దనుకున్నారు. చదువుకుంటానన్నారు. తండ్రి సరేనన్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో పాసయ్యారు.

తర్వాత ఏం చదవాలన్న ప్రశ్న వచ్చింది. ఇక్కడే నాకు ఈవిడ బాగా నచ్చారు. మద్రాసులో ఆడవాళ్లు డాక్టరీ చదవడం అప్పటికి కొత్త కాదు. ముత్తులక్ష్మీరెడ్డి గారు 1912లోనే మద్రాసు మెడికల్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. చదువుకోవాలనుకున్న తెలివైన ఆడపిల్లకి అది కొంచెం నలిగిన దారే. లలిత అటు వెళ్లలేదు. డాక్టరు ఉద్యోగానికి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వెళ్లాలి. ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే పని కావాలి. అలా లెక్క వేసుకుని ఇంజినీరింగ్ అనుకున్నారు. ఇంట్లో తండ్రీ, అన్నదమ్ములూ మాట్లాడుకునేదంతా అదే కాబట్టి అది కొరుకుడుపడని శాస్త్రమని ఆవిడకి అనిపించి ఉండదు. ఘనమైన ఆశయాల కోసం ఇంజినీరింగులో చేరారని రాస్తే వినడానికి బాగుంటుంది. నిజానికి పసిపిల్ల తల్లి వేసుకున్న టైముటేబులు అది. మనలో ఎంతమంది బి.ఇ.డి.లు, బ్యాంకు పరీక్షలు అలా లెక్క చూసుకుని రాసినవాళ్లం కాము!

గిండీలో అంతకుముందు ఆడపిల్లని చేర్చుకున్నది లేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. ప్రెసిడెన్సీ విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాతం దొరని కూడా ఒప్పించారు. ఇద్దరూ అడ్డు చెప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజులవి. వందలమంది మగపిల్లల మధ్య ఒక్క అమ్మాయి. కాలేజీ హాస్టల్లో వేరే ఏర్పాటు చేశారు. పాపని బంధువుల ఇంట్లో ఉంచి, సెలవు రోజుల్లో వెళ్లి చూసుకునేవారు.

ఏమాటకామాట చెప్పుకోవాలి. సుబ్బారావు గారిని అందరూ పొగుడుతారు, పొగడదగ్గ మనిషే. కానీ ఒక మాట నాకు మింగుడు పడదు. ఆ భర్త నిండు నూరేళ్లూ బతికి ఉంటే లలిత ఏమయ్యేవారు? ఎస్.ఎస్.ఎల్.సి. చదివిన ఇల్లాలు అయ్యేవారు, అంతే. మిగిలిన అక్కచెల్లెళ్లలో ఎవరికీ ఇంజినీరింగ్ కాలేజీ గేటు తెరుచుకోలేదు కదా. తెలివి ఆ ఇంట్లో ఈ ఒక్క పిల్లకే ఉందని అనుకోలేం. ఆడపిల్లకి చదువు హక్కుగా రాలేదు, అంత నష్టం జరిగాక ఊరట కింద వచ్చింది. మా వైపు ఇప్పటికీ ఈ మాట వింటూంటాను. పాపం మొగుడు పోయాడు, ఏదో టీచరు ట్రైనింగయినా చేయిద్దాం అంటారు. ఉన్నప్పుడు ఆ ఆలోచన ఎందుకు రాదో!

సరే, కాలేజీ సంగతి. మొదట్లో అక్కడ లలితకి ఒంటరితనం తోచింది. తండ్రి మళ్లీ కాలేజీ వాళ్లతో మాట్లాడి, ఆడపిల్లలు కూడా చేరవచ్చని ప్రకటన వేయించారు. మరుసటి ఏడాది సివిల్ ఇంజినీరింగులో ఇద్దరు వచ్చారు, లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా. ఇద్దరూ లలిత కంటే ఒక ఏడాది వెనక. కానీ యుద్ధం వల్ల ఆ కోర్సుని కొన్ని నెలలు కుదించడంతో ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. ఆ త్రేసియా గారే 1971లో కేరళ ప్రజాపనుల శాఖకి చీఫ్ ఇంజినీరయ్యారు. లలితకి తోడు కోసం వేసిన ప్రకటన అలా కేరళ దాకా పనికొచ్చిందన్నమాట.

పట్టాకి ముందు చేత్తో పని నేర్చుకోవాలి. బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్కుషాపులో ఒక ఏడాది శిక్షణ పొందారు. 1944లో సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజినీరింగ్ అసిస్టెంటుగా చేరారు. అక్కడ అన్నదమ్ముల ఇల్లు ఉంది కాబట్టి పాప కూడా దగ్గరే. ఉద్యోగం చేస్తూనే లండన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ వాళ్ల పరీక్ష రాశారు. 1946 చివరిదాకా సిమ్లాలో ఉన్నారు.

తర్వాత కొన్నాళ్లు మద్రాసులో తండ్రి పరిశోధనలకి సాయం చేశారు. ఆ తండ్రికి పేటెంట్లు ఉన్నాయి. జెలెక్ట్రోమోనియం అని కరెంటుతో పలికే వాయిద్యం ఒకటి. పొగ రాని పొయ్యి ఇంకొకటి. ఇది చదివి నాకు నవ్వూ వచ్చింది, ప్రాణమూ లేచొచ్చింది. ఆ రోజుల్లో పొగ రాని పొయ్యి గురించి ఆలోచించిన మగాయన ఒకడున్నాడంటే ఆయన తప్పులన్నీ సగం మాఫీ! మా అమ్మమ్మ కళ్లు జీడిపిక్కల పొట్టు మంటకే పోయాయి.

కానీ తండ్రి నీడన ఎంతకాలం ఉంటారు? 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో ఇంజినీరుగా చేరారు. అక్కడ రెండో అన్నగారి కాపురం ఉంది. లలిత ఆఫీసుకి వెళ్తే పాపని వదినగారు చూసుకునేవారు. సభలు, సన్మానాల వివరాలన్నీ జాగ్రత్తగా రాసిపెట్టారు గానీ, దాదాపు మూడు దశాబ్దాల ఆ ఉద్యోగానికి పునాది వేసిన వదినగారికి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. సాయంత్రం ఏ వేళకి ఇల్లు చేరినా పిల్ల అన్నం తిని ఉంటుందన్న ధీమా ఉంటేనే కదా బల్ల మీద నక్షా పరుచుకుని తల వంచేది.

ఆ నక్షాల సంగతి కూడా చెప్పాలి. విద్యుత్తు లైన్ల డిజైను, సబ్ స్టేషన్లో ఏది ఎక్కడ ఉండాలన్న ఏర్పాటు, వాటిని ప్రమాదాల నుంచి కాపాడే రక్షణ పరికరాలు, వీటి కాంట్రాక్టుల పని, ఇదీ ఆవిడ ఉద్యోగం. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. 226 మీటర్ల ఎత్తున్న ఆ ఆనకట్టని నెహ్రూ గారు 1963 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. మన ఉత్తరాంధ్రకి మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది 1955లో. దేశమంతా స్తంభాలు, టవర్లు లేస్తున్న కాలం అది. అయితే ఆవిడ పని ఎక్కువగా ఆఫీసు బల్ల దగ్గరే. వితంతువు ఒంటరిగా సైట్లకి ప్రయాణాలు చేయడం అప్పటి లోకానికి నచ్చదు. గీసిన సబ్ స్టేషన్లని అన్నిటినీ వెళ్లి కళ్లారా చూసుకునే వీలు అందుకే ఉండేది కాదు.

రక్షణ పరికరాలంటే ఏమిటో నాకు మా ఆడపడుచు కూతురు చెప్పింది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు సబ్ స్టేషన్ల పనిలోనే ఉంది. పెద్ద సబ్ స్టేషన్లో లావుపాటి అల్యూమినియం గొట్టాలో, తీగలో అడ్డంగా ఉంటాయి. వాటిని బస్ బార్ అంటారు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే లైన్లూ, నాలుగు దిక్కులకి పోయే లైన్లూ అక్కడే కలుస్తాయి. మా కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలో గుడి ముందు కూడలి లాంటిదన్నమాట. అక్కడ చిన్న గొడవ జరిగినా అన్ని దారులూ స్తంభించిపోతాయి. బస్ బార్ మీద షార్టయితే వచ్చే మంటకి లోహం కరిగి కారుతుంది, ఆ సబ్ స్టేషన్ మీద ఆధారపడ్డ ఊళ్లన్నీ చీకటైపోతాయి.

దాన్ని కనిపెట్టే పరికరం పేరు డిఫరెన్షియల్ రిలే. పేరు విని భయపడకండి, దాని లెక్క మన పలాస జీడి బట్టీల్లో ఆడవాళ్లకి తెలిసిన లెక్కే. పొద్దున్న తూచి ఇచ్చిన సరుకు, సాయంత్రం పప్పు, బద్ద, పొట్టు కలిపి తూస్తే అంతే రావాలి. రాకపోతే మధ్యలో ఎక్కడో పోయినట్టే. అలాగే బస్ బార్‌కి చేరిన ప్రతి లైను మీదా కరెంటుని కొలిచే సాధనం ఒకటి పెడతారు. లోపలికొచ్చిన కరెంటూ బయటికెళ్లిన కరెంటూ సమానంగా ఉంటే రిలే నోరెత్తదు. తేడా వచ్చిందా, కరెంటు మధ్యలో దారి తప్పి నేలలోకి పోతోందన్నమాట. వెంటనే ఆ బస్ బార్‌కి తగిలిన బ్రేకర్లన్నిటినీ తెరిపించేస్తుంది. కిర్కాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1845లో చెప్పిన సూత్రం ఇది. 1904లో ఇంగ్లండులో మెర్జ్, ప్రైస్ అనే ఇద్దరు ఇంజినీర్లు దీన్ని రక్షణకి వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు.

ఇందులో ఒక చిక్కుంది. కాటా మీద మోయలేనంత బరువు పెడితే ముల్లు చివరికెళ్లి ఆగిపోతుంది. అప్పుడు కాటా చెప్పేది అబద్ధం. సబ్ స్టేషన్ బయట ఏ లైనో తెగిపడి విపరీతమైన కరెంటు పారినప్పుడు ఆ కొలిచే సాధనాలకీ అదే గతి. లెక్కలో లేని తేడా కనపడుతుంది. రిలే దాన్ని నమ్మి అన్నీ ఆపేస్తే, దొంగతనం జరక్కుండానే బట్టీ మొత్తానికి తాళం వేసినట్టు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. మా ఇంట్లో ఫ్రిజ్‌ని బీరువాలా వాడుకున్న రోజులవి. అలాంటి రాత్రి తెగిన లైన్లని వాటి వాటి రిలేలు కోసెయ్యాలి, బస్ బార్ రిలే మాత్రం నిబ్బరంగా కూచోవాలి. పట్టుకోవలసినప్పుడు పట్టుకోవడం ఎంత ముఖ్యమో, ఊరికే ఉండవలసినప్పుడు ఊరికే ఉండడం అంత ముఖ్యమని మా మేనకోడలు చెబుతుంటే, ఇది యంత్రం గుణమా అత్తగారి గుణమా అని ఇద్దరం నవ్వుకున్నాం.

లలిత పనిచేసిన రోజుల్లో రిలేలంటే తీగచుట్టలు, స్ప్రింగులు, కదిలే ముక్కలు. కొన్నిట్లో అయితే మన పాత ఇంటి మీటర్లో తిరిగేదే, ఆ అల్యూమినియం చక్రం లాంటిదే ఉండేది. 1980ల నుంచి డిజిటల్ రిలేలు వచ్చాయి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపుకి పట్టేది సెకనులో 50వ వంతు. ఆ కాస్తలోనే ఈ కొత్త రిలే ఎన్నోసార్లు కొలుస్తుంది, ముల్లు చివరికి తగలకముందే నిజం ఏమిటో పోల్చుకుంటుంది, ఒక్క ఊపు పూర్తయ్యేలోగా తీర్పు చెప్పేస్తుంది. ఊరి చివరి చిన్న సబ్ స్టేషన్లకి ఇంత హంగు ఉండదు. 220 కేవీ లాంటి పెద్దవాటికి కావాలి. కరెంటు పోతే కరెంటు వాళ్లని తిట్టుకుంటాం. పోవలసిన కరెంటు పోకుండా ఆగిన రోజు మనకి తెలియను కూడా తెలియదు. లలిత ముప్పై ఏళ్లపాటు కూర్చుని చేసిన పనుల్లో ఒక భాగం అలాంటిది.

1953లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ ఆవిడని అసోసియేట్ సభ్యురాలిగా ఎన్నుకుంది. 1966లో పూర్తి సభ్యత్వం ఇచ్చింది. మధ్యలో 1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల మొట్టమొదటి అంతర్జాతీయ సభ జరిగింది. ఇండియా నుంచి లలితకి పిలుపు వచ్చింది. మన దేశంలో అప్పటికి మహిళా ఇంజినీర్లకి ఆ సంస్థ శాఖ లేదు, అంచేత సొంత హోదాలోనే వెళ్లారు. చీరకట్టుతో, నలభై నాలుగేళ్ల వయసులో, అన్ని దేశాల ఆడ ఇంజినీర్ల మధ్య. ఒకప్పుడు హాస్టల్లో తోడులేక బెంగపడ్డ అమ్మాయికి హాలునిండా తనలాంటి వాళ్లు కనిపిస్తే ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను.

తిరిగొచ్చాక ఫెమినా, ఈవ్స్ వీక్లీ వంటి ఆడవాళ్ల పత్రికలు ఆవిడని ఇంటర్వ్యూ చేశాయి. మరుసటేడు లండన్ మహిళా ఇంజినీర్ల సొసైటీలో సభ్యురాలయ్యారు. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండో సభ జరిగినప్పుడు భారతదేశం తరఫు ప్రతినిధి ఆవిడే. ఆ ఏడాదే ఆవిడ కంపెనీని జి.ఇ.సి. వాళ్లు కొనేశారు. బోర్డు మారింది, బల్ల మారలేదు. కూతురు పెద్దదై, చదువుకుని, పెళ్లి చేసుకుని తన ఇంటికి వెళ్లింది. అన్నేళ్లూ లలిత మళ్లీ పెళ్లి మాట తలపెట్టలేదు. అది త్యాగమని కొందరు రాశారు. నాకలా అనిపించదు. ఉద్యోగం, పిల్ల, అన్నావదినల ఇల్లు, చేతినిండా పని, వీటితో ఆవిడ రోజు నిండిపోయింది. లోటు ఉందని బయటివాళ్లు అనుకోవడం వేరు.

1977లో రిటైరయ్యారు. అప్పటిదాకా సెలవులు కూడబెట్టుకున్నట్టు దక్షిణాది ఊళ్లు తిరిగి చూడడం మొదలుపెట్టారు. చూడాల్సినవి చాలా ఉన్నాయి గానీ రెండేళ్లే చేతికి వచ్చాయి. మెదడులో రక్తనాళం ఉబ్బి జబ్బుపడి, 1979 అక్టోబరు 12న కన్నుమూశారు. అప్పటికి ఆవిడకి అరవయ్యేళ్లు నిండి నెలన్నర.